రేడియో ఆడిషన్‌కి పిలిచారు. పాట ఆరు నిమిషాల నలభై, ఇచ్చింది నాలుగు. బెంగళూరు వాళ్లు కాస్త సలహా చెప్పండి

మెజెస్టిక్_మొదటిబస్సు | సోమవారం రాత్రి 11:20

అందరికీ నమస్తే. రెండేళ్లుగా ఇక్కడ చదివి వెళ్లిపోవడమే తప్ప ఎప్పుడూ రాయలేదు. అవసరం వచ్చింది కాబట్టి రాస్తున్నా, ఏమీ అనుకోకండి.

మేం నలుగురం. నేను గిటార్, మాది హిందూపురం పక్కన పల్లె. పాడేవాడిది కదిరి. డ్రమ్స్ వాయించే అమ్మాయిది శ్రీకాకుళం, మా అందరికంటే చిన్నది, అందరికంటే గట్టిగా కొడుతుంది. బేస్ వాడు ఇక్కడే మల్లేశ్వరంలో పుట్టి పెరిగిన తెలుగువాడు. ఇంట్లో తెలుగే, కానీ చదవడం రాదు. పాట కన్నడ లిపిలో రాసిస్తే చూసి పాడతాడు. ఎనిమిది నెలలుగా మారతహళ్లిలో ఒక జామ్ రూమ్‌లో గంటకి నాలుగొందలు పెట్టి ప్రాక్టీస్ చేస్తున్నాం.

ఒక ప్రైవేట్ ఎఫ్ఎం స్టేషన్‌లో ఆదివారం రాత్రి కొత్త బ్యాండ్ల ప్రోగ్రాం వస్తుంది. డెమో పంపితే ఆడిషన్‌కి రమ్మన్నారు. వచ్చే శనివారం కాదు, ఆ పై శనివారం. సంతోషమే, కానీ షరతులు చూశాక టెన్షన్ పట్టుకుంది. ఒకటే పాట, సొంతది, నాలుగు నిమిషాలు దాటకూడదు. మా పాట ఆరు నిమిషాల నలభై సెకన్లు. అందులో రెండు నిమిషాలు గిటార్ సోలో (మీరేం అంటారో తెలుసు). గది చిన్నది, డ్రమ్ కిట్ పట్టదు. గిటార్ ఆంప్ (స్పీకర్ పెట్టె) తేవద్దు, నేరుగా స్టూడియో సౌండ్ మిక్సర్‌లోకి పెట్టాలట.

ఇంకోటి. ఫోన్ చేసినాయన "పాట కన్నడలో గానీ ఇంగ్లీషులో గానీ ఉందా" అని అడిగాడు. తెలుగు అన్నాను. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత "సరే రండి" అన్నాడు. ఆ సరేకి అర్థమేంటో మీరే చెప్పాలి.

పాట పేరు "యాడికి". మెజెస్టిక్ బస్టాండులో ఊరి బస్సు తప్పిపోయిన రాత్రి రాసుకున్నాను. మొదటి లైను: "యాడికి పోతాండావప్పా, ఆకరి బస్సు పొయినాక". దీన్ని "ఎక్కడికి" అని మారుద్దాం, అందరికీ అర్థమవుతుందని మా సింగర్ అంటున్నాడు. కదిరోడే అంటున్నాడు!

బీటీఎం_బాబాయ్ | సోమవారం రాత్రి 11:41

ఇప్పుడు రేడియో ఎవరు వింటున్నారు తమ్ముడూ? ఒక రీల్ పెట్టుకుంటే రెండు రోజుల్లో తేలిపోతుంది కదా.

ఇంకో మాట. తాడిపత్రి దగ్గర యాడికి అని ఊరే ఉంది. మా చిన్నప్పుడు బస్సులో కండక్టర్ "యాడికి" అంటే మా మామ "యాడికే" అనేవాడు, వాళ్లిద్దరికీ రోజూ గొడవ.

సిల్క్‌బోర్డ్_ఖైదీ | సోమవారం రాత్రి 11:52

బాబాయ్ గారూ, రేడియో ఎవరు వింటారంటే నేను వింటాను. క్యాబ్ నడిపేవాడిని. పొద్దున రెండు గంటలు, సాయంత్రం రెండున్నర గంటలు. నాతోపాటు వెనక సీట్లో కూర్చున్నవాళ్లూ వింటారు, వాళ్లకి ఇష్టమున్నా లేకపోయినా. రీల్ అయితే వేలితో తోసేస్తారు. నా బండిలో ఏది పెట్టాలో నా ఇష్టం.

నీలిపిక్ | మంగళవారం ఉదయం 8:05

తమ్ముడూ, ముందు అభినందనలు. నేను 2000ల్లో కాలేజీ బ్యాండ్‌లో వాయించాను, ఇప్పుడు లోన్లు కడుతున్నాను.

బాబాయ్‌కి ఒక సంగతి గుర్తు చేస్తా. దేశంలో మొదటి ప్రైవేట్ ఎఫ్ఎం 2001లో మొదలైంది ఈ ఊళ్లోనే. అదే రేడియో సిటీ 2006లో బ్యాండ్లకి పోటీ పెడితే గెలిచింది స్వరాత్మ. కన్నడ జానపదం కలిపిన రాక్ వాళ్లది. అప్పట్లో మాలాంటి వాళ్లమంతా ఇంగ్లీషు పాటలు వాయిస్తూ, అవతలి వాళ్ల యాసని కూడా కాపీ కొట్టేవాళ్లం. 1996 నుంచి సొంత పాటలే పాడుకుంటూ వచ్చిన థర్మల్ అండ్ ఎ క్వార్టర్ బ్యాండ్ లాంటి వాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంతమంది. 2007లో ప్యాలెస్ గ్రౌండ్స్‌కి ఐరన్ మెయిడెన్ అనే బ్రిటన్ బ్యాండ్ వచ్చినప్పుడు నేను ఆ జనంలో ఉన్నాను. 2011లో మెటాలికాకీ ఉన్నాను. ఇంటికొచ్చి వాళ్ల రిఫ్‌లే (పదే పదే తిరిగొచ్చే గిటార్ ముక్కలు) వాయించాం. మా బ్యాండ్ ఎందుకు ఆగిపోయిందో ఇప్పుడు తెలుస్తోంది.

సోలో కోసెయ్. నొప్పిగా ఉంటుంది. కోసెయ్.

ఆరోతీగ | మంగళవారం ఉదయం 9:30

టెక్నికల్ సంగతి నేను చెప్తాను. నేరుగా మిక్సర్‌లోకి అన్నారు కదా, అక్కడే మునుగుతారు చాలామంది. గిటార్‌కి గరగర తెప్పించే డిస్టార్షన్ పెడల్‌ని అలాగే మిక్సర్‌కి పెడితే కందిరీగల తుట్టె కదిపినట్టు ఉంటుంది. ఎందుకంటే ఆంప్‌లో ఉండే పన్నెండు అంగుళాల స్పీకర్ అయిదు వేల హెర్ట్జ్ దాటినదాన్ని చాలావరకు మింగేస్తుంది. మనం రోజూ వినే గిటార్ సౌండ్‌లో సగం ఆ స్పీకర్ పుణ్యమే. అది తీసేస్తే గరగర మొత్తం బయటికొస్తుంది. క్యాబ్ సిమ్యులేటర్ (ఆ స్పీకర్ పెట్టెలా వినిపించేది) ఉన్న పెడల్ ఎవరి దగ్గరైనా అరువు తీసుకో. గెయిన్ (ఆ గరగర ఎంతో పెట్టే నాబ్) నువ్వు ఇప్పుడు పెట్టుకునేదానికి సగానికి తగ్గించు.

బేస్ వాడికి: నాలుగో తీగ వదిలేసి మీటితే 41 హెర్ట్జ్. ఫోన్ స్పీకర్‌లో అది అసలు రాదు. పిక్ వాడమను, పైన కాస్త టకటక ఉంటే చెవి కింది స్వరాన్ని ఊహించుకుంటుంది.

తీగలు ఆడిషన్ పొద్దున మార్చకు, శ్రుతి జారుతూనే ఉంటుంది. రెండు రోజుల ముందు మార్చు.

పాతట్రాన్స్‌మిటర్ | మంగళవారం మధ్యాహ్నం 2:15

నాయనా, నేను ఆకాశవాణిలో ఇంజినీరింగ్ విభాగంలో పనిచేసి రిటైరయ్యాను. మీ సంగీతం నాకు అర్థం కాదు. రేడియో కొంచెం అర్థమవుతుంది.

మా దగ్గర ఆడిషన్ అంటే పాడేవాడు స్టూడియోలో, వినేవాళ్లు వేరే గదిలో. పేరుండదు, నంబరుంటుంది. జుట్టు ఎంత పొడుగో, ఎవరి శిష్యుడో వినేవాళ్లకి తెలియదు. స్పీకర్‌లోంచి వచ్చిందే లెక్క. ప్రైవేటు వాళ్లు ఎదురుగా కూర్చుని చూస్తారేమో గానీ, ప్రసారమయ్యాక వాళ్ల శ్రోత కూడా పక్క గదిలో ఉన్నట్టే. మీరు ఎగిరినా, తల ఊపినా వాడికి కనిపించదు.

అందుకని ఒక పని చేయండి. రిహార్సల్‌ని ఫోన్‌లో రికార్డు చేసి, ఆ ఫోన్‌ని వంటింట్లో పెట్టి, మీరు హాల్లో కూర్చుని వినండి. మిక్సీ తిరుగుతుంటే ఇంకా మంచిది. ఏ మాట వినబడలేదో కాగితం మీద రాయండి. అంతే నా సలహా.

ఎఫ్ఎంలో శబ్దం పదిహేను వేల హెర్ట్జ్ దాకా పోతుంది, మా మీడియం వేవ్‌తో పోలిస్తే రాజభోగం. కానీ స్టేషన్ వాళ్లు పంపే ముందు కంప్రెసర్‌లో వేసి చిన్న చప్పుడునీ పెద్ద చప్పుడునీ దగ్గరికి నొక్కేస్తారు. కాబట్టి ఊరికే గట్టిగా వాయించి లాభం లేదు. మీ గట్టిదనం అక్కడ చదునైపోతుంది.

పద్యాలపిచ్చి | మంగళవారం సాయంత్రం 6:48

"యాడికి" తీయకండి బాబూ! యాస మీద అభిమానంతో అనడం లేదు, లెక్క చూపిస్తాను.

యా-డి-కి. గురువు, లఘువు, లఘువు. భగణం. "ఎక్కడికి" అంటే గురువు తర్వాత మూడు లఘువులు. మీ రిఫ్ నేను వినలేదు కానీ పాట ఆ మాటతోనే పుట్టింది కాబట్టి రిఫ్ కూడా ఒక గట్టి దెబ్బ, రెండు చిన్న దెబ్బలు అయ్యుంటుంది. అందులో "ఎక్కడికి" దూర్చితే ఒక అక్షరం బయట నిలబడుతుంది, ఫుట్‌బోర్డు మీద వేలాడినట్టు.

తెలుగులో రాక్ పాడేవాళ్లు చేసే తప్పు ఇంకోటుంది. పొడుగు స్వరం వచ్చినప్పుడల్లా హ్రస్వాన్ని సాగదీస్తారు. ఇంగ్లీషులో ఎక్కడ సాగదీసినా మాట మాటలాగే ఉంటుంది. మనకి "కల" సాగితే "కాల". అర్థమే మారిపోతుంది. మిగతా పాట కూడా పెట్టండి చూద్దాం.

మెజెస్టిక్_మొదటిబస్సు | మంగళవారం రాత్రి 10:30

మేడమ్, మీకు దండం. రిఫ్ అచ్చం అదే. డం-టక. మీకెలా తెలిసింది!

రెండో చరణం: "పని దొరికిందా అని అమ్మ అడిగినప్పుడల్లా / దొరికిందనే చెప్తా, దొరికినట్టే ఉంటా".

పాతట్రాన్స్‌మిటర్ సార్, మీరు చెప్పినట్టే చేశాం. పీజీలో మిక్సీ లేదు, వాషింగ్ మెషీన్ వేశాం. మొదటి లైను తప్ప ఏమీ వినబడలేదు. అన్నిచోట్లా అడ్డం పడింది నా గిటారే.

పద్యాలపిచ్చి | మంగళవారం రాత్రి 10:44

"పని"లో "ప" మీద మీ సింగర్ ఆగుతున్నాడా?

మెజెస్టిక్_మొదటిబస్సు | మంగళవారం రాత్రి 10:46

నాలుగు మాత్రలు ఆగుతాడు.

పద్యాలపిచ్చి | మంగళవారం రాత్రి 10:47

అయితే వాడు పాడేది "పానీ దొరికిందా".

సిల్క్‌బోర్డ్_ఖైదీ | మంగళవారం రాత్రి 10:51

బెంగళూరులో ఎండాకాలం అదీ సరైన ప్రశ్నే అక్కా. మా ఏరియాలో ట్యాంకర్ వచ్చి నాలుగు రోజులైంది.

కన్నడలిపి | బుధవారం ఉదయం 7:20

నమస్తే, నేను ఆ బేస్ వాణ్ణి. తెలుగు టైపింగ్ ఫోన్‌లో మాట్లాడి చేస్తున్నా, తప్పులుంటే క్షమించండి.

పద్యాలపిచ్చి గారి భగణం చూసి ఒకటి తట్టింది. కన్నడలో "ఎల్లిగె" అంటే ఎక్కడికి. ఎల్-లి-గె. లెక్క అదే కదండీ? ఈ ఊళ్లో ఆటో ఎక్కబోతే మొదట వినబడే మాట అది. పాటలో వాడు "యాడికి" అని అడిగిన చోట నేను వెనకనుంచి "ఎల్లిగె" అంటే?

పద్యాలపిచ్చి | బుధవారం ఉదయం 7:58

లెక్క అదే! ఎక్కడ నేర్చుకున్నావయ్యా ఇదంతా. ఫోన్ చేసినాయన అడిగిన కన్నడకి కూడా సమాధానం దొరికింది. కానీ ఆయన అడిగాడని కాక, పాటకి కావాలి కాబట్టి పెట్టండి. ఊరి బస్సు పోయాక వాడి ఎదురుగా ఉండేది ఆటోయే కదా.

బీటీఎం_బాబాయ్ | బుధవారం ఉదయం 9:10

మీటర్ మీద ఇరవై ఎక్కువ అని కూడా పాడితే ఊరంతా కన్నీళ్లు పెట్టుకుంటుంది.

కాఫీ_డికాక్షన్ | బుధవారం మధ్యాహ్నం 1:30

డ్రమ్స్ అమ్మాయికి: కహోన్ తెచ్చుకో చెల్లీ. చెక్కపెట్టె మీద కూర్చుని వాయించేది. మధ్యలో కొడితే కిక్ (పెద్ద డ్రమ్ము మోత), పై అంచున కొడితే స్నేర్ (చిన్న డ్రమ్ము చురుకు దెబ్బ). కాలికి గజ్జె పట్టీ కట్టుకుంటే హైహాట్ (కాలితో కొట్టే తాళాలు) లోటు తీరుతుంది. నా దగ్గర ఒకటుంది, జయనగర్ వచ్చి తీసుకెళ్లు. మైక్ మాత్రం వెనక రంధ్రం దగ్గర ఒకటి, ముందు ఒకటి అడుగు. ఒకటే ఇస్తామంటే ముందుది.

లా_చదివిన_రైతు | గురువారం రాత్రి 9:00

సంగీతం గురించి నాకు తెలీదు. వాళ్లు సంతకం పెట్టమనే కాగితం చదివారా?

మెజెస్టిక్_మొదటిబస్సు | గురువారం రాత్రి 9:40

మెయిల్‌లో వచ్చింది అన్నా. "పాటకి సంబంధించిన సమస్త హక్కులు శాశ్వతంగా" అని ఒక లైనుంది. అది మామూలేనా?

లా_చదివిన_రైతు | గురువారం రాత్రి 10:15

మామూలుగా పెట్టి చూస్తారు, మామూలుగా సంతకం పెట్టేస్తారు. ప్రసారం చేసుకోవడానికి అనుమతి ఇవ్వడం వేరు, పాటనే రాసిచ్చేయడం వేరు. "ఈ ప్రోగ్రాంలో ప్రసారానికి, స్టేషన్ సొంత పేజీల్లో పెట్టుకోవడానికి మాత్రమే అనుమతి" అని మార్చి పంపండి. మర్యాదగా అడిగితే చాలాసార్లు ఒప్పుకుంటారు. 2012లో కాపీరైట్ చట్టం సవరించాక రాసినవాడికీ స్వరం కట్టినవాడికీ రాయల్టీలో వాటా వదులుకోకుండా రక్షణ వచ్చింది. కానీ చట్టం ఉంది కదా అని ఏది పడితే దానిమీద సంతకం పెట్టకూడదు. మాటలు ఎవరివి, బాణీ ఎవరిది అన్నది మీ నలుగురూ ఇప్పుడే, గొడవలు లేనప్పుడే, ఒక కాగితం మీద రాసుకోండి.

మెజెస్టిక్_మొదటిబస్సు | ఆదివారం రాత్రి 11:05

కాగితం మార్చి పంపాం, ఒప్పుకున్నారు. అన్నా, మీ పొలంలో ఏం పండిస్తారో చెప్పండి, కొనుక్కుంటాం.

పాట మూడు నిమిషాల యాభైకి వచ్చింది. సోలో రెండు నిమిషాల నుంచి పదిహేను సెకన్లకి దిగింది. కహోన్ జయనగర్ నుంచి మెట్రోలో వచ్చింది, సెక్యూరిటీ దగ్గర మూత తీయమన్నారట, మూతే ఉండదని చెప్పడానికి పది నిమిషాలు పట్టింది.

ఒకటే మిగిలింది. ఫారంలో బ్యాండ్ పేరు అని ఒక గడి. ఎనిమిది నెలలుగా మాకు పేరు కుదరలేదు. ప్రస్తుతానికి "ఇంకా పెట్టలేదు" అని రాసి పంపాం.

నీలిపిక్ | ఆదివారం రాత్రి 11:30

పదిహేను సెకన్లు చాలు. ఒక 9 వోల్టుల బ్యాటరీ, రెండు కేబుళ్లు ఎక్కువ పెట్టుకో. శనివారం రాత్రి ఇక్కడే కాచుకుని ఉంటాం.

మెజెస్టిక్_మొదటిబస్సు | శనివారం రాత్రి 9:15

అయిపోయింది. ఎలా రాయాలో తెలియడం లేదు, జరిగింది జరిగినట్టు రాస్తా.

పదకొండింటికి రమ్మన్నారు, మమ్మల్ని పిలిచేసరికి రెండున్నర. మాకు ముందు వెళ్లిన వాళ్లు అద్దం వెనక ఇంగ్లీషులో బ్రహ్మాండంగా పాడారు. మా సింగర్ నీళ్లు తాగుతూనే ఉన్నాడు. బాత్రూమ్ ఎక్కడని అడిగేసరికి లోపలికి రమ్మన్నారు.

గిటార్ పెట్టగానే బుయ్‌మని హమ్. తీగల మీద చెయ్యి పెడితే తగ్గుతుంది, తీస్తే వస్తుంది. పెడల్ అడాప్టర్ తీసి బ్యాటరీ పెట్టాను (నీలిపిక్ అన్నా, నీ బ్యాటరీ). కొంచెం తగ్గింది, పోలేదు. కేబుల్ మార్చాను. సౌండ్ ఇంజినీర్ గ్రౌండ్ లిఫ్ట్ (హమ్ తగ్గించే స్విచ్) నొక్కాడు. అయినా అంతే. అప్పటికి ఏడెనిమిది నిమిషాలు పోయాయి. బయట ఇంకో మూడు బ్యాండ్లు. ప్రోగ్రాం నడిపే మేడమ్ అద్దం అవతలి మైక్‌లోంచి "గిటార్ లేకుండా ఒకసారి కానివ్వండి, లెవెల్స్ చూస్తాం, ఈలోగా వీళ్లు చూస్తారు" అంది.

సరేనని నేను గిటార్ ఒళ్లో పెట్టుకుని స్టూల్ మీద కూర్చున్నా. వాళ్లు ముగ్గురూ మొదలుపెట్టారు. కహోన్, బేస్, గొంతు. అంతే.

ఆ పాట నేను రాసిందే. కానీ పూర్తిగా విన్నది ఈరోజే. ఇన్నాళ్లూ నా చప్పుడే విన్నాను. "దొరికిందనే చెప్తా" దగ్గర వాడి గొంతు కొంచెం వణికింది, బాత్రూమ్ వల్లో దేనివల్లో. బేస్ వాడు "ఎల్లిగె" అని, ఆటోవాడు అద్దంలోంచి చూస్తూ అడిగినట్టు, మామూలుగా అన్నాడు. అద్దం వెనక మేడమ్ చేతిలో ఫోన్ పక్కన పెట్టడం చూశాను.

తర్వాత హమ్ పోయింది. స్టూడియోలో ఎవరిదో లాప్‌టాప్ చార్జర్ అదే బోర్డులో ఉందట, తీసేశారు. నాతో కలిపి రెండోసారి వాయించాం. తప్పులేం లేవు.

సాయంత్రం ఆరున్నరకి ఫోన్. తీసుకున్నారు. "ఆ మొదటి టేక్ వేస్తాం" అన్నారు.

ఆరోతీగ | శనివారం రాత్రి 9:22

అయ్యో.

కాఫీ_డికాక్షన్ | శనివారం రాత్రి 9:25

అయ్యో కాదు, సెలెక్ట్ అయ్యారు! నా కహోన్ రేడియోలో వస్తోంది!

నీలిపిక్ | శనివారం రాత్రి 9:40

తమ్ముడూ, ఎలా ఉన్నావు?

మెజెస్టిక్_మొదటిబస్సు | శనివారం రాత్రి 10:10

బానే ఉన్నా అన్నా. అందరం తిప్పసంద్రలో బిర్యానీ తిన్నాం. వాళ్లు ముగ్గురూ నా మొహం చూడకుండా తిన్నారు. డ్రమ్స్ అమ్మాయి మాత్రం "రెండో టేకే వెయ్యమని అడుగుదామా" అంది. వద్దన్నాను. నిజంగానే మొదటిది బాగుంది. అదే ఏడుపు.

పాతట్రాన్స్‌మిటర్ | ఆదివారం ఉదయం 6:30

నాయనా, మా రేడియోలో 1940 నుంచి 1971 దాకా హార్మోనియాన్నే గేటు బయట నిలబెట్టారు. నీ గిటార్‌ని ఒక మధ్యాహ్నం ఆపారు, అంతే. ఇంతకీ ఆ చార్జర్ సంగతి ముందే చూసుకోవాల్సింది ఆ ఇంజినీర్. ఆ మాట ఆయనతో మర్యాదగా అనొచ్చు.

బీటీఎం_బాబాయ్ | ఆదివారం ఉదయం 9:00

రేడియో ఎవరు వింటారన్న వాణ్ణి నేనే. ఎన్ని గంటలకో చెప్పు, ఫోన్‌లో ఎఫ్ఎం వస్తుందో లేదో చూసుకోవాలి.

మెజెస్టిక్_మొదటిబస్సు | ఆదివారం ఉదయం 9:20

వచ్చే ఆదివారం రాత్రి పది దాటాక బాబాయ్. ఇయర్‌ఫోన్ పెట్టండి, దాని వైరే యాంటెనా.

సిల్క్‌బోర్డ్_ఖైదీ | ఆదివారం రాత్రి 10:34

(వారం తర్వాత) వచ్చింది వచ్చింది! ఎయిర్‌పోర్టు డ్రాప్‌లో ఉన్నా, హెబ్బాళ ఫ్లైఓవర్ మీద. వెనక సీట్లో ఒక కన్నడ పెద్దాయన. "ఎల్లిగె" అనగానే ఫోన్‌లోంచి తలెత్తి "ఏమన్నారు?" అన్నాడు. పాట సార్ అన్నా. అయిపోయేదాకా మళ్లీ ఫోన్ చూడలేదు.

ఆ యాంకర్ "మన తర్వాతి బ్యాండ్, ఇంకా పెట్టలేదు" అంది. పేరు పెట్టలేదా, ఇదే పేరా?

కన్నడలిపి | ఆదివారం రాత్రి 10:41

ఇప్పుడు ఇదే పేరు. పోస్టర్‌లో కూడా వేసేశారు.

మెజెస్టిక్_మొదటిబస్సు | ఆదివారం రాత్రి 11:50

మా ఊరికి ఈ స్టేషన్ అందదు. అందుకని ప్రోగ్రాం మొదలవగానే అమ్మకి ఫోన్ చేసి, రేడియో పక్కన ఫోన్ పెట్టాను. పాట అయ్యాక ఎత్తితే ఒక నిమిషం ఏం మాట్లాడలేదు. తర్వాత "పని దొరికినట్టే ఉంటా అంటాండాడే, అది నువ్వు రాసిందేనా?" అంది. అవునన్నా. "దొరికిందని నాతో చెప్పినావు గదరా" అంది.

రేపు పొద్దున మొదటి బస్సుకి ఊరికి పోతున్నా. కహోన్ మంగళవారం తెచ్చిస్తాం అక్కా.